ఎవరిదీ కాని బొమ్మ

తెర మీద తెల్లచీర దయ్యం నవ్వింది. సుల్తానాబాద్ టూరింగ్ టాకీసులో జనమంతా కళ్లు మూసుకున్నారు.

నేల తరగతిలో దేవవ్వ మాత్రం పక్కామె భుజం తట్టింది.

"భయపడకు బిడ్డా. అది ఏమనదు."

టాకీసు యజమాని హనుమండ్లుకు ఈ ముసలామె సంగతి అంతుపట్టలేదు. రోజూ వస్తుంది. దయ్యం వచ్చేదాకా కునికిపాట్లు పడుతుంది. దయ్యం పోగానే లేచి వెళ్లిపోతుంది.

అసలే అతనికి గుబులు. నైజాం జమానాలో తీసిన ఆ బొమ్మ రీళ్లు పాత సామానులో దొరికాయి. తీసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"హక్కులు ఎవరివో తెల్వది. అడిగెటోడు వచ్చేదాక ఆడించుకో" అన్నాడు కరీంనగర్ వకీలు.

ఒకనాడు దేవవ్వ గేటు దగ్గరే ఆగింది.

"ఇయ్యాల పైసల్లేవయ్యా. జర లోపలికి పోనీ. గా బొమ్మ నాదే."

హనుమండ్లు గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"నీదా? కాయితం ఉన్నదా?"

"కాయితమెందుకయ్యా? నాది నాకెరుక లేదా?"

"రేపు రా అవ్వా, మాట్లాడుదాం" అని ఎలాగో పంపేశాడు.

భార్య అనసూర్య ముందు కూలబడ్డాడు.

"హక్కుదారు రానే వచ్చింది. కోర్టుకు గుంజిందంటే టాకీసు పోతది."

"జర నిమ్మళంగ అడుగరాదు, ఏం కావాల్నో" అంది అనసూర్య.

వింటేనా? తెల్లారగానే రీళ్లన్నీ, ఫిల్ము కరిగించి గాజులు చేసేవాళ్లకు తుక్కు కింద అమ్మేశాడు. బొమ్మే లేకపోతే ఇక తగాదా ఎక్కడిది?

సాయంత్రం దేవుడి సినిమా వేశాడు. దేవవ్వ కొంగున పైసలు ముడేసుకొని వచ్చింది. టికెట్టు కొని, ముందు వరుసలో కూర్చుంది. ఆట అయిపోయింది. అందరూ వెళ్లిపోయినా ఆమె లేవలేదు.

హనుమండ్లు ధైర్యం తెచ్చుకున్నాడు.

"గా బొమ్మ ఇగ లేదవ్వా. కరిగిపోయింది. ఏ కోర్టుకు పోతవో పో."

దేవవ్వకు కోర్టు మాట అర్థం కాలేదు. తెల్లటి తెర వైపే చూస్తోంది.

"ఇగ రాదా అయ్యా?"

"ఎవరు?"

"గా తెల్లచీర పిల్ల. నాటకాలోళ్ల ఎంట మద్రాసు పోయి, జరమొచ్చి ఆడనే పాయె. నా కాడ ఫోటో సుత లేదు. మొకం గూడ మర్చిపోతున్న యాళ్లకు, గీ తెర మీద దొరికింది నా బిడ్డ."