తొండి తాతయ్య

ఆ ఇల్లాలి భర్తకు సిగరెట్టు లేదు, పేకాట లేదు, సాయంత్రం ఆరు దాటితే గడప దాటడు. ఇన్ని సుగుణాలున్న మనిషితో కాపురం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. నాలుగేళ్లపాటు భోజనాల బల్లను ఆక్రమించి ఒక ఆట కనిపెట్టాడు. అన్నాళ్లూ ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు.

ఆట పేరు ‘రేవు’. పాచిక వేసి, పడవను గడి గడికీ నడిపి, ఇరుకు వంతెన కింద నుంచి దాటించి రేవు చేర్చాలి.

మూడువందల ఇళ్లవాళ్లు కొంటామని ముందే పేర్లిచ్చారు. బడి సెలవుల మొదటి రోజుకల్లా అందిస్తానని ఆయన మాటిచ్చాడు. సెలవులు దాటాయంటే అడిగే నాథుడుండడు. నాలుగేళ్ల కష్టం అటకెక్కుతుంది.

నాలుగు వీధుల అవతలి ప్రెస్సు నెలలో చేసిస్తానంది. మూడు నెలలైంది. సెలవులకు పది వారాలే ఉన్నాయి.

“ప్రెస్సు యజమాని మొదట అట్ట ఆరలేదన్నాడు. తర్వాత కత్తి మొండిబారిందన్నాడు. ఇప్పుడేమో తాతయ్య ఇంకా సరేననలేదంటున్నాడు” అన్నాడు భర్త.

“ఎవరి తాతయ్య?”

“అడగలేదు.”

“మీరు అడగరనే వాళ్లు చెప్పరు. పదండి.”

ప్రెస్సు నిండా జిగురు వాసన. కాగితం దొంతరల మధ్య ఓ ముసలాయన కుర్చీ వేసుకుని బైండరుతో ‘రేవు’ ఆడుతున్నాడు. బైండరు తుమ్మాడు. ఆ తుమ్ము పూర్తయ్యేలోగా ముసలాయన పడవ రెండు గడులు ముందుకు జరిగింది.

ఆవిడ చూసింది. ఆవిడ చూడటం ఆయనా చూశాడు. సిగ్గుపడాల్సింది పోయి నవ్వాడు.

“ఎవరండీ ఆయన?” అని యజమానిని అడిగింది.

“తొండి తాతయ్య అంటామమ్మా. మా మనిషే. అసలు సంగతేంటంటే...”

“సంగతి కనబడుతూనే ఉంది. మా ఆట ఆగింది, మీ ఆట సాగుతోంది.”

ముసలాయన తలెత్తాడు. “అమ్మా, వంతెన కింద ఎంతసేపైనా ఆగొచ్చా?”

“మీరీ కుర్చీలో కూర్చున్నంతసేపు ఆగొచ్చు.”

ఆయన దానికీ నవ్వాడు. వాళ్లు బయల్దేరుతుంటే నమూనా ఆటను మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు.

“ఇంటికి తీసుకెళ్తున్నారేం?”

“మా వీధి పిల్లలకి చూపిద్దామని.”

ఇవాళ వీధి పిల్లలు, రేపు ఏ కంపెనీవాడో. ఆవిడ అనుమానానికి మామూలుగానే ఆకలెక్కువ. ఆ పూట దానికి విందు దొరికింది.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. ఓడల్లో సరుకు తెప్పించే వ్యాపారం అతనిది.

“విదేశంలో చేయించెయ్యక్కా. ఫైలు పంపితే పెట్టెలొస్తాయి. వాళ్లు ఒక్క ప్రశ్న అడగరు.”

“ఇక్కడైతే నడిచి వెళ్లి చూసుకోవచ్చు కదా” అని భర్త నసిగాడు.

“మూడు నెలల్నుంచి నడుస్తూనే ఉన్నారుగా. చెప్పులరిగాయి, పెట్టె మాత్రం రాలేదు” అంది ఆవిడ.

మర్నాడు వెళ్లి ఆర్డరు వెనక్కి తీసుకున్నారు. ముసలాయన గేటు దాకా వెంటవచ్చాడు.

“ఒక్క వారం ఆగమ్మా. ఇంకో రెండు చోట్ల చూడాలి.”

“ఏం చూస్తారు, ఎవరికి అమ్మొచ్చోనా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది మా పని.”

ఈసారి ఆయన నవ్వలేదు.

సెలవులకు రెండు రోజుల ముందే ఓడ దిగి పెట్టెలొచ్చాయి. నున్నటి అట్ట, మెరిసే పడవలు. తమ్ముడన్నట్టే వాళ్లు ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆవిడ ఇంట్లో మెడ నిటారుగా పెట్టుకుని తిరిగింది.

సెలవుల మూడో రోజున ఫోను మోగింది.

“మా చిన్నాడు పొద్దుటి నుంచి వంతెన కింద పడవ పెట్టుకు కూర్చున్నాడండీ. తను కదలడు, ఇంకొకర్ని పోనివ్వడు. ఈ ఆట ఎప్పటికవుతుంది?”

భర్త నియమాల పుస్తకం తీశాడు. ‘ఎవరైనా, ఎన్నిసార్లైనా తమ వంతు వదులుకోవచ్చు’ అని ఉంది. రాసింది ఆయనే. దారికి అడ్డంగా కూర్చునేవాళ్లు కూడా ఉంటారని ఆ మర్యాదస్తుడికి తోచలేదు.

సాయంత్రానికి ఇరవై ఫోన్లు. వారం తిరక్కుండా పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది.

ఇద్దరూ ప్రెస్సుకు వెళ్లారు. ముసలాయన లేడు.

“మానేశాడమ్మా” అన్నాడు యజమాని. “నా మూలంగా ఆర్డరు పోయింది, ఇక ఆటలు ముట్టుకోనని కూతురి ఊరు వెళ్లిపోయాడు.”

“అసలు ఆయన ఇక్కడ చేసే పనేంటి?”

“తొండి చేయడమే. కొత్త ఆట ఏదొచ్చినా ముందు ఆయన మోసం చేసి చూస్తాడు. పిల్లల చేత కూడా చేయించి చూస్తాడు. ఎక్కడ సందు దొరికితే అక్కడ నియమం మార్పిస్తాడు. ఇక నావల్ల కాదని ఆయన ఓడిపోయాకే మేం అచ్చుకెక్కిస్తాం. వంతెన సంగతి ఎప్పుడో పట్టాడు.”

“పడితే చెప్పొద్దా?”

“ఒక్కొక్కటే చెబితే కనిపెట్టినవాళ్ల మనసు కష్టపడుతుందట. అన్నీ తేలాక ఒకేసారి చెబుదామన్నాడు. నేను ఆ రోజు చెప్పబోతే మీరే...”

భర్త గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. ఆయన ఏమీ అనడని తెలిసే ఆవిడే అంది.

“తప్పు నాదే. ఇంతమందిలో మన ఆటను నిజంగా ఆడి చూసింది ఆయనొక్కడే. ఆయన్ని పట్టుకుని దొంగన్నాను.”