కోడలి రాజీనామా

"ఉద్యోగం మానేస్తాండాను అత్తా. పదేండ్లుగా మీరు చెప్తాండేది అదే కదా," అంటూ జెమీమా రాజీనామా కాగితం చేతిలో పెట్టింది. ఆమె మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు.

అత్త మెర్సీ ముఖం వెలిగిపోయింది. "ఇప్పటికి బుద్ధి వచ్చింది! ఇంట్లో వంట సూసుకో."

"అట్నే. ఇంక గురువారం మీ మోకాళ్లకు ఫిజియోథెరపీ ఉండదు. అది స్టాఫ్ ఇంట్లోవాళ్లకే ఫ్రీ."

మెర్సీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. మరునాడు కోడలు డ్యూటీకి బయలుదేరేసరికి ఇడ్లీల బాక్సు సిద్ధంగా ఉంది.

గురువారం ఫిజియోథెరపీ గదిలో, పక్క మంచం మీద పెద్దపంజాణి నుంచి వచ్చిన పెద్దామె గుసగుసలాడింది. "మా కోడలు కూడా ఈడ నర్సేనమ్మా. మానేస్తానని కాగితం తెచ్చింది. భయపడి చింపేసినా."

తెర అవతల నుంచి ఇంకో అత్త గొంతు వినిపించింది. "మా కోడలూ తెచ్చింది! అంతా జెరాక్సు, పేరొక్కటే పెన్నుతో రాసుండాది."

మెర్సీ చింపిన కాగితమూ అలాంటిదే.

కోడలిని వార్డులోనే నిలదీద్దామని ఆమె విసురుగా లేచింది. మోకాలు కలుక్కుమంది.

మెల్లగా మళ్లీ పడుకుని, రేపు బాక్సులోకి దోసెలా, ఉప్మానా అని ఆలోచించసాగింది.