ఐస్ డబ్బా

"పరిచయాలే మన పెట్టుబడి!" అంటూ మైకులో ఎవరో ఊదరగొడుతున్నారు.

హోటల్ హాల్లో ఊళ్లోని ఫార్మసిస్టులంతా చేరారు. విజిటింగ్ కార్డులు పేకముక్కల్లా చేతులు మారుతున్నాయి.

మందుల షాపు నడుపుకునే ఆమె మాత్రం కార్డుల కోసం రాలేదు. అక్క కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడు. వాడికి సాయంత్రంలోగా ఒక ఇంజక్షన్ పడాలి. తన షాపులో లేదు, తెలిసిన ఏ షాపులోనూ లేదు. హోల్‌సేల్ పెద్దాయన్ని పట్టుకుంటే దొరుకుతుందని కొండంత ఆశతో వచ్చింది.

ఆయన చుట్టూ జనం, బెల్లం చుట్టూ ఈగల్లా.

చేతిలో ఐస్ ముక్కలేసిన జ్యూస్ గ్లాసుతో ఆమె సందు కోసం కాచుకుని నిలబడింది.

"అమ్మా, ఆ ఐస్ ఎక్కడ దొరికింది?"

పక్కన ఒక నడివయసు మనిషి. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, భుజానికి చిన్న ఐస్ డబ్బా. మెడలో బ్యాడ్జీ కూడా లేదు.

"జ్యూస్ అక్కడ ఇస్తున్నారండీ."

"జ్యూస్ కాదమ్మా. నా దగ్గర ఒక ఇంజక్షన్ మిగిలిపోయింది..."

మిగిలిపోయింది అన్న మాట చెవిన పడితే చాలు, మందుల షాపువాళ్ల నోట ఒకటే జవాబు వస్తుంది.

"ఫ్రిజ్ మందులు వాపసు తీసుకోమండీ. కొన్నచోటే అడగండి."

"వాపసు కాదు తల్లీ, ఒక్క మాట విను..."

అంతలో పెద్దాయన దగ్గర జనం కాస్త పలచబడ్డారు.

"తర్వాత బాబాయ్, తర్వాత!" అంటూ ఆమె పరుగెత్తింది. ఏ ఇంజక్షన్ అని అడగాలని కూడా తోచలేదు.

అయినా పెద్దాయన వెంటనే దొరకలేదు. సన్మానం, ఫొటోలు, మళ్లీ ప్రసంగం. మధ్యలో అక్క ఫోన్ మీద ఫోన్.

"దొరికిందా?"

"అదే పనిమీద ఉన్నానక్కా."

ఐస్ డబ్బా మనిషి ఒక్కొక్కరి దగ్గరా ఆగడం, వాళ్లు మొహం తిప్పుకోవడం ఆమెకి కనబడుతూనే ఉంది. "ఈ ఐస్ డబ్బా గోలేమిటి!" అని ఎవరో నవ్వితే తనూ నవ్వింది.

చివరికి పెద్దాయన మందు పేరు విన్నాడు.

"అదా? ఆఖరిది మొన్ననే పెద్దాసుపత్రి ఫార్మసిస్టు ఒకాయన పట్టుకెళ్లాడమ్మా. అది వాడలేదట, ఇక్కడికే తెస్తున్నానని పొద్దున ఫోన్ చేశాడు. 'అందరూ ఒక్కచోట ఉంటారు కదా, ఎవరి బిడ్డకో పనికొస్తుంది' అన్నాడు. మైకులో చెబుదామనుకుని మర్చేపోయాను. ఐస్ డబ్బాతో వచ్చుంటాడే, చూళ్లేదా?"

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది.

హాలంతా వెతికింది. మెట్ల దగ్గర వెతికింది. చేతులు కడుక్కునే చోట కనబడ్డాడు. డబ్బాలోంచి నీళ్లు వంపేస్తున్నాడు.

"బాబాయ్, ఆ ఇంజక్షన్ మావాడికి కావాలి! దండం పెడతాను, ఇవ్వండి!"

అతను ఇంజక్షన్ సీసాని వెలుతురుకి పెట్టి చూపించాడు. తేటగా ఉండాల్సిన మందు విరిగిన పాలలా తరకలు కట్టింది. దానికి అర్థమేమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఐస్ కరిగిపోయిందమ్మా. అడిగితే అందరూ జ్యూస్ వైపు చూపించారు."

ఆమె చేతిలో ఫోన్ మళ్లీ మోగింది. అక్క. ఎత్తి ఏమని చెప్పాలి? ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

"ఎక్కడా దొరకని మందు... అసలు మీ దగ్గర ఎలా మిగిలింది బాబాయ్?"

అతను ఖాళీ డబ్బాకి జాగ్రత్తగా మూత పెట్టాడు.

"మా పాపకని తెచ్చుకున్నాను తల్లీ. నిన్న సాయంత్రం నుంచి తనకి ఇక ఏ మందుతోనూ పని లేకుండా పోయింది."