కదలొద్దు నాయనా

ఆన్‌లైన్‌లో ఎక్స్‌రే కోర్సు చదివే సుమలతకు ఇంట్లో ప్రాక్టీసుకు పేషెంటు నాయనే. మగ్గం దిగొచ్చి, తలుపుకు ఛాతీ ఆనించి నిలబడేవాడు.

"ఊపిరి బిగబట్టు. కదలొద్దు."

ఊపిరి ఆపగానే ఆయనకు దగ్గొచ్చేది.

"రోంతసేపు ఆపుకోలేవా నాయనా? ఇట్లయితే ఫిల్మ్ పాడైపోతాది," అని ఆమె విసుక్కునేది.

"ఇంగోసారి నిలబడతాలేమ్మా."

పెనుకొండ ఆసుపత్రిలో ఆమెకు ట్రైనింగ్ మొదలైంది. డాక్టరు రాసిన చీటీతో, కూతురి చేతే తీయించుకోవాలని ధర్మవరం నుంచి నాయన వచ్చాడు. నిజం మిషన్ ముందు కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు.

తెర మీద బొమ్మ స్పష్టంగా పడింది. నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తి ఒకటి సగానికి పైగా తెల్లగా ఉంది.

ఆ దగ్గును రోజూ దగ్గరుండి విన్నది తనే.

నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"ఈసారి కదల్లేదు కదమ్మా? ఫిల్మ్ బాగొచ్చిందా?"