లైసెన్సు మనిషి

హలో... హలో, వినపడతా ఉందా? అందరూ బాగుండారా? టిఫన్లు అయినాయా? ఒక్క ఐదు నిమిషాలు ఫోను చెవికాడే పెట్టుకోండి. మా తిరుత్తణి కథ ఒకటి చెప్తా.

బస్టాండు వెనక వీధిలో, ఆరుముగం టీకొట్టు మీది మేడలో వనజాక్షి కంప్యూటర్ సెంటర్.

మగ్గాలు నేసే ఇళ్ళ ఆడపిల్లలకు ఆమె ప్రోగ్రామింగ్ నేర్పిస్తుంది. నేర్చుకున్నవాళ్ళు మద్రాసులో ఉద్యోగాలకు పోతున్నారు. మిగిలినవాళ్ళు మగ్గం ముందే కూర్చుంటున్నారు.

ఆమె నేర్పే ప్రోగ్రామింగ్ భాష ఫ్రీ. ఎవరైనా వాడుకోవచ్చు.

కానీ ఆ భాషలో ప్రోగ్రాము రాయడానికి, తప్పులు పట్టుకోవడానికి ఒక టూలు కావాలి. ఆ టూలు ఒక కంపెనీది.

మొదట్లో కంపెనీ దాన్ని ఊరికే ఇచ్చింది. అందరికీ అలవాటయ్యాక రూలు మార్చింది. ఇంట్లో వాడుకుంటే ఫ్రీ, సెంటర్లో వాడితే లైసెన్సు కొనాలి.

అది వనజాక్షి తాహతుకు మించిన మాట. కొనకుండానే నడుపుతోంది. పట్టుబడితే సెంటర్ మూతే.

అందుకే కొత్త మనిషి ఎవరైనా మెట్లెక్కితే ఆరుముగం కింద నుంచి "అక్కా, ఒక పార్సల్!" అని కేక పెడతాడు. పిల్లలు టూలు మూసేసి టైపింగ్ పాఠం తెరుస్తారు.

ఆ మధ్యాహ్నం కేక వచ్చింది.

పైకి వచ్చింది ఒక పెద్దాయన. నలిగిన తెల్ల చొక్కా, భుజాన లాప్‌టాప్ సంచి.

"ఏం నేర్పిస్తా ఉండారమ్మా ఈడ?"

"టైపింగ్ అయ్యా. తమిళం, ఇంగ్లీషు."

"ప్రోగ్రామింగ్ లేదా?"

"అదంతా మాకు యాడొస్తాదయ్యా."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ముందు వరసలో కూర్చున్న దీపిక అనే పిల్ల స్క్రీనుకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"లైసెన్సు కట్టలేక ఆ కంపెనీ టూలు దొంగతనంగా వాడేవాళ్ళు ఈ వీధిలో ఎవురన్నా ఉండారామ్మా? నాకు వాళ్ళే కావల్ల."

వనజాక్షి వచ్చి స్క్రీనుకు అడ్డంగా నిలబడింది.

"అట్లాంటోళ్ళు మా వీధిలోనే లేరయ్యా."

"భయపడొద్దమ్మా, నేను వచ్చింది..."

"క్లాసు టైమయ్యా. పిల్లోళ్ళకు పరీక్ష ఉండాది."

"పొన్నేరిలో ఇదే మాట. తిరువళ్ళూరులో ఇదే మాట. ప్రోగ్రాము రాసే పిల్ల ఒక్కతున్నా చాలమ్మా. సుమ్మా, ఊరికే రెండు మాటలు మాట్లాడి పోతా."

"లేరంటే లేరయ్యా!"

దీపికకు నవ్వు ఆగలేదు.

"తాతా, నువ్వూ టైపింగ్‌లో చేరరాదా? నీకైతే మిస్ ఫీజు సగం చేస్తాది."

పిల్లలంతా పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు.

"కండ్లు బాగుండుంటే చేరుండేవాణ్ణి తల్లీ."

గోడ పట్టుకుని, మెట్లు కాలితో తడుముకుంటూ దిగిపోయాడు.

"తప్పించుకున్నాం మిస్!"

వనజాక్షి అందరికీ బోండాలు తెప్పించింది.

ఆడి కృత్తిక పండగకు కొండమీది గుడికి వచ్చిన జనం దిగి వెళ్ళిపోయిన వారంలో టూలు తనంతట తానే ఆగిపోయింది. ఏ కంప్యూటర్ తెరిచినా లైసెన్సు అడుగుతోంది.

ఆ వెనకే కంపెనీ తరఫున హర్షవర్ధన్ అనే కుర్రవాడు వచ్చాడు. ఆరుముగం కేక పెట్టాడు కానీ మూయడానికి అక్కడ ఏమీ నడవడం లేదు.

"నేనూ ఈ పక్కవాణ్ణే అక్కా, పళ్ళిపట్టు. కేసూ గీసూ ఏం రాయను. కానీ లైసెన్సు కొనకుండా ఇంక ఇది తెరుచుకోదు."

"ఇంకో టూలు లేదా అబ్బాయ్? ఫ్రీది?"

"ఒకటి తయారైందక్కా. మా దానికంటే బాగుండాది. తప్పు చేస్తే తెలుగులో, తమిళంలో చెప్తాది. ఒక పెద్దాయన ఏండ్లుగా ఒక్కడే కూర్చొని రాసినాడు."

"యాడ దొరుకుతాది?"

"దొరకదు. ఆయనకు చూపు పోతా ఉండాది. తన తర్వాత దాన్ని సాకే పిల్లోళ్ళుంటే, వాళ్ళకు నేర్పిచ్చి, అందరికీ ఫ్రీగా వదిలేద్దామనుకున్నాడు. ఎవురూ దొరకలేదంట. మీరన్నా నడపండప్పా అని పోయిన నెల మా కంపెనీకే రాసిచ్చేసినాడు."

"మీవాళ్ళు నడుపుతారు గదా?"

"ఫ్రీ సరుకును ఎవురు నడుపుతారక్కా? మూలన పడేసినారు. అది ఇంక బయటికి రాదు."

దీపిక బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో మగ్గం ఖాళీగా ఉందని వాళ్ళమ్మ ఎప్పటినుంచో అంటోంది.

వనజాక్షికి ఒళ్ళు మండింది.

"పిల్లోళ్ళు దొరకలేదా? ఆయప్ప యాడ ఎతికినాడో! ఈ పక్కకు ఒక్కసారి వచ్చుంటే, ఇంతమంది ఉండారే నా దగ్గర!"

హర్షవర్ధన్ మెట్ల వైపు తిరిగి చూశాడు.

"ఆయన సంతకం పెట్టేటప్పుడు నేనే పక్కనుండానక్కా... 'తిరుత్తణిలో టీకొట్టు మీది మేడ దాకా గోడ పట్టుకొని ఎక్కి అడిగినానప్పా, ఆడా ఒక్క పిల్ల లేదన్నారు' అని చెప్పి సంతకం పెట్టినాడు."

సరి, ఫోను పెట్టేస్తా ఉండా. పిల్లోళ్ళకు కంప్యూటర్ నేర్పేవాళ్ళు మీకు తెలిసినోళ్ళు ఎవరన్నా ఉంటే, ఈ కథ వాళ్ళకు పంపండి. మీ గ్రూపులో కూడా ఒకసారి వేయండి.