మొదటి సూది

“కుడికన్ను మూసుకుని చదవండి” అంది కంటి డాక్టరు.

వాచీలు బాగుచేసే ఆ పెద్దమనిషి చదవలేదు. గోడమీద అసలు అక్షరాలున్నాయా అని మర్యాదగా అడిగాడు. పక్కన నిలబడ్డ భార్య గోడవైపు చూడకుండా నేలచూపులు చూసింది.

నాలుగు రోజుల క్రితం మసకగా మొదలైందట. ఇప్పుడు ఎడమకంటితో ఎటు చూసినా మధ్యలో నల్లటి మచ్చ వచ్చి కూర్చుంటోందట. ఆ సంగతి చెబుతూ కూడా అతను వేళాకోళం మానలేదు. ఆ మచ్చ ఇప్పుడు భార్య ముఖం మీద కూడా ఉందనీ, ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడలో తనకు కనిపించిన మచ్చ ఇదొక్కటేననీ అన్నాడు. డాక్టరు నవ్వింది. భార్యకు నవ్వు రాలేదు.

ఆవిడ టీకాల నర్సు. పేటంతా సూదక్క అని పిలుస్తారు. కిందటి నెల వైరస్ జబ్బుకు టీకాలు వచ్చాయి. వేయించుకుంటే కళ్లు పోతాయని ఎవరో పుకారు పుట్టించారు. ఇక కుర్చీ దగ్గరికి వచ్చిన నాథుడు లేడు. సూదక్క మూడు రోజులు బతిమాలింది, కసిరింది, ఒట్లు వేసింది. నాలుగో రోజు మొగుణ్ణి దుకాణం నుంచి పిలిపించి అందరి ముందూ కూర్చోబెట్టింది. ఈయన కళ్లతోనే మా ఇల్లు గడుస్తోంది, మొదటి సూది ఈయనకే వేస్తున్నా చూసుకోండి అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచింది. అతను కిక్కురుమనలేదు. ఆ సాయంత్రానికి రెండువందల మంది వేయించుకున్నారు.

ముందురోజు ఇంట్లో మాత్రం అతను నసిగాడు, నిజంగా కళ్లకేమైనా అయితే ఎలా అని.

“నేనుండగా మీకేమైనా కానిస్తానా?” అంది సూదక్క.

ఆ మాటతో అతను నిశ్చింతగా నిద్రపోయాడు. మేలుకుని ఉన్నది ఆవిడే. ఇప్పుడా మాట ఆవిడను వెంటాడుతోంది. అన్నం తింటున్నా అదే, తల దువ్వుకుంటున్నా అదే. నిన్న అతను చిటికెనగోరంత కూడా లేని మర కోసం బల్లంతా తడుముకుంటుంటే చూడలేక వంటగదిలోకి పోయి ఏడ్చింది. ఒక్కమాట అనడు. తిట్టినా బాగుండేది.

అతను టీకా రోజు సంగతి చెప్పాక డాక్టరు కంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూసింది. టీకా తర్వాత ఎక్కడో నూటికో కోటికో ఒకరికి కంట్లో వాపు వస్తుందని చెప్పింది. ఆ రెండువందల మందిలో ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగింది. ఎవరికీ కాలేదంది సూదక్క.

అతను భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

“ఇందులో ఆవిడ తప్పేం లేదండీ. నా ఒంటితీరు అంతే. బయట మాత్రం చెప్పకండి, రేపట్నుంచి ఆవిడ దగ్గరికి ఎవరూ రారు.”

చెప్పనని డాక్టరు మాటిచ్చింది. మందు సూదిలోకి ఎక్కిస్తూ, తోటి ఉద్యోగికి చెప్పినట్టు సూదక్కకు వివరించింది. ఈ మందు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని కాస్త అణిచి వాపు తగ్గిస్తుందట.

“కంట్లో ఉన్నది మీరు టీకాలేసిన ఆ జబ్బు వైరసే అయితే మాత్రం దీంతో ఇంకా పెచ్చుపెరుగుతుంది. రెండు రోజుల్లో చూపు మొత్తం పోతుంది. ఈయనకి టీకా పడింది కాబట్టి ఆ అనుమానం లేదనుకోండి. మీరే వేశారుగా?”

సూదక్క తన చేతివైపు చూసుకుంది. మొగుడి వేళ్లు ఇంకా ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఆ ఒక్క మాట అంటే ఈ వేళ్లు ఉంటాయో, విడిపించుకుని పోతాయో ఆవిడకు తెలియదు. డాక్టరు అతని రెప్ప పైకెత్తింది.

సూదక్క ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

“ఆ రోజు ఈయనకి నేను వేసింది ఉత్త నీళ్లు.”