సిఫారసు ఆపరేషన్

"రెప్ప కొట్టొద్దప్పా అంటే మళ్ళీ కొడ్తివి. గడ్డం ఆడ పెట్టు."

ఇది మూడోసారి. భూపేష్‌కు ఒళ్ళు మండిపోయింది.

కోయిలకుంట్లలో అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇట్లా మాట్లాడే మనిషి లేడు. ఈ కర్నూలు కంటి ఆసుపత్రిలో, స్కాన్ మిషన్ వెనక కూర్చున్న ఒక నూలుచీర ఆడమనిషి బడిపిల్లవాణ్ణి అదిలించినట్టు అదిలిస్తోంది. ఒంటిమీద కోటు లేదు, మెడలో కార్డు లేదు. మాట వింటే ఆలూరు పక్క పల్లె మాట. పత్తిచేలోంచి నేరుగా లేచి వచ్చినట్టుంది అనుకున్నాడు.

అతని తొందర అతనిది. వచ్చే నెలలో ఎన్నికలు. జడ్పీటీసీ టికెట్టు దాదాపు ఖాయం. అవతలి వర్గం వాళ్ళు అతనికి 'సోడాబుడ్డి' అని పేరు పెట్టి గోడల మీద కూడా రాయించారు. ఆ దళసరి కళ్ళద్దాలు వదిలించుకుందామనే లేజర్ ఆపరేషన్‌కు వచ్చాడు.

భయం లేకపోలేదు. కన్ను మూసుకోకుండా తెరిచి పట్టుకుంటారని, కాలిన వాసన వస్తుందని ఫోన్లో చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. అనుచరుల ముందు ఆ మాట ఎట్లా చెప్పుకుంటాడు? అందుకే భయం పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరి మీద ఎగురుతున్నాడు.

కండ్లు నలుపుకునే అలవాటుందా అని అడిగిందామె. లేదన్నాడు. అద్దాల నంబరు ఏడాదేడాదికీ మారుతోందా అని అడిగింది. లేదన్నాడు. రెండూ పచ్చి అబద్ధాలు.

ఆమె తెరమీది రంగుల పటాన్ని అతనివైపు తిప్పింది. నడుమకు కాస్త కింద ఎర్రటి మచ్చ.

"ఈడ నీ కంటిపొర శానా పల్చగుండాది. జొన్నరొట్టె నడుమ పల్చగైతే యాడ చినుగుతాది? ఆడనే. లేజరు పెడితే ఇంగా పల్చనైతాది. నీకు ఈ ఆపరేషన్ వద్దు."

"వద్దనేదానికి నువ్వెవరు? డాక్టరు చెప్పల్ల."

"ఎవరు చెప్పినా ఈ పటం చూసే గదప్పా చెప్పేది."

రిపోర్టు మీద ఎర్రసిరాతో ఏదో గీకి ఇచ్చింది. పేరేంది అని గద్దించాడు. హంపమ్మ అంది.

భూపేష్ వరండాలోకి వచ్చి ఆలోచించాడు. అతని ఆలోచన ఎప్పుడూ ఒకే దారిలో పోతుంది. ఇది అవతలి వర్గం వాళ్ళు పెట్టించిన మనిషే అని తేల్చుకున్నాడు. వెంటనే తమ వర్గం పెద్దాయనకు ఫోన్ చేశాడు. నియోజకవర్గంలో పింఛను నుంచి పోలీసు కేసు దాకా పెద్దాయన ఫోన్‌తో కాని పని లేదు. కన్ను మాత్రం ఎందుకు కాదు?

పది నిమిషాల్లో ఆసుపత్రి యజమాని చెమటలు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు. ఆపరేషన్ సోమవారమే చేయిస్తానన్నాడు. ఆ ఆడమనిషి రేపటి నుంచి ఈడ కనపడకూడదన్నాడు భూపేష్. యజమాని ఒక్క క్షణం తటపటాయించి, సరేనన్నాడు. ఆమె ఎవరో ఏమిటో మాత్రం నోరు విప్పి చెప్పలేదు.

హంపమ్మ సంచీ భుజానికి తగిలించుకొని బయటికి వచ్చింది. బెంచీల మీది పల్లెటూరి ముసలివాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో భూపేష్‌కు అంతుపట్టలేదు.

"కండ్లు మాత్రం నలపొద్దప్పా," అని అతనితో చెప్పి ఆమె మెట్లు దిగిపోయింది.

సోమవారం ఆపరేషన్ అయింది. మర్నాడు అద్దాల్లేకుండా ఊరవతలి జగన్నాథగట్టు కొండను చూసి భూపేష్ పొంగిపోయాడు. ఎన్నిక కూడా గెలిచాడు. మిషన్ ఆడమనిషిని ఎట్లా సాగనంపాడో పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో చెప్పి నవ్వించాడు.

ఏడాదిన్నర గడిచింది. అక్షరాలు ఒకటి రెండుగా కనిపించడం మొదలైంది. మనుషుల మొహాలు చెరిగిపోయాయి. ఒక సభలో సొంత మామ అనుకొని అవతలి వర్గం నాయకుడికి వంగి దండం పెట్టాడు. ఆ రోజు జనం నవ్విన నవ్వుకు అతనికి చచ్చిపోవాలనిపించింది.

కర్నూలు ఆసుపత్రి యజమాని ఫోన్ ఎత్తడం మానేశాడు. పాత కాగితాలన్నీ తీసుకొని హైదరాబాదు వెళ్ళాడు.

అక్కడ డాక్టరు తనూజ అతని రెండు కండ్లూ గంటసేపు పరీక్షించింది. పొర ముందుకు ఉబ్బిపోయిందనీ, పోయిన చూపు పూర్తిగా తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టడానికి ప్రయత్నిస్తాననీ చెప్పింది.

"కర్నూలు వైపు నుంచి ఇట్లాంటి కండ్లతో వచ్చినవాళ్ళలో మీరు పదకొండో మనిషి. ఏడాదిన్నర కిందటి వరకు ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడే ఎందుకు వస్తున్నారో అర్థం కావడం లేదు," అంటూ పాత రిపోర్టు తీసింది.

ఎర్రసిరా దగ్గర ఆమె చూపు ఆగింది. ఇది ఎవరు రాశారని అడిగింది.

"మిషన్ కాడ కూర్చునే ఆడమనిషి మేడం. హంపమ్మ అని. తర్వాత తీసేసినార్లే."

తనూజ లేచి నిలబడింది. ఆ కాగితాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. రిటైరయ్యాక సొంత జిల్లా వాళ్ళ కండ్లు చూస్తానని వెళ్ళారు, ఎక్కడున్నారో చెప్పనేలేదు అని తనలో తాను అనుకుంది.

తర్వాత భూపేష్ వైపు తిరిగి, గొంతు పెంచకుండా అడిగింది.

"ఈ పటాలు చదవడం మాకందరికీ నేర్పిన డాక్టర్ హంపమ్మగారు స్వయంగా వద్దని రాసిన కంటికి, ఆపరేషన్ చెయ్యమని చెప్పిందెవరు?"